వెబ్ హోస్టింగ్ సర్వర్ల ఆపరేటింగ్ సిస్టమ్ మార్పిడి

వెబ్‌సైట్లను, వాటి మెయిళ్లను, డేటాబేస్‌లను తన సర్వర్లలో ఉంచి ఏడాదికింతని అద్దె తీసుకునే వ్యాపారం వెబ్ హోస్టింగ్. ఆ సర్వర్లలో నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను తీసేసి మరొకదానికి వెళ్లడమే ఓఎస్ మార్పిడి. ఈ రంగంలో ఉన్నవాళ్లు దీన్ని మైగ్రేషన్ అంటారు. సొంత ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసి లైనక్స్ వేసుకుంటే ఆ కష్టసుఖాలు ఒక్కరివే. ఒక షేర్డ్ సర్వర్ మీద మాత్రం వందల ఖాతాలుంటాయి. కల్యాణ మండపం సైటు, కాలేజీ అడ్మిషన్ల ఫారం, ట్రావెల్స్ బుకింగ్ పేజీ, మామిడి గుజ్జు ఎగుమతిదారు ఆఫీసు మెయిల్ అన్నీ పక్కపక్కనే నడుస్తుంటాయి. అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించకుండా ఇంటి పునాది మార్చడం లాంటి పని ఇది.

హోస్టింగ్ వ్యాపారి ముచ్చటపడి ఈ పనికి పూనుకోవడం అరుదు. పాత ఓఎస్‌కు భద్రతా సవరణలు ఆగిపోయే తేదీని ఎక్కడో దూరాన ఒక సంస్థ ప్రకటిస్తుంది. ఆ తేదీ తిరుపతిలో నాలుగు సర్వర్లు నడిపే చిన్న వ్యాపారికీ, లక్షల సర్వర్లున్న పెద్ద కంపెనీకీ ఒకటే. ఇటీవలి కాలంలో అందరినీ కదిలించిన గడువు సెంట్‌ఓఎస్ లైనక్స్‌ది. దాని 8వ వెర్షన్‌కు 2021 డిసెంబరు 31న, 7వ వెర్షన్‌కు 2024 జూన్ 30న మద్దతు ముగిసింది.

మార్పిడికి కారణాలు

మొదటి కారణం మద్దతు గడువు. సవరణలు ఆగిపోయిన ఓఎస్‌లో కొత్తగా లోపం బయటపడితే దాన్ని మూసేవారుండరు. షేర్డ్ సర్వర్‌లో ఒక ఖాతాలోకి చొరబడినవాడు ఓఎస్ లోపాన్ని పట్టుకుని పక్క ఖాతాల్లోకి పాకగలడు. అందుకే సొంత సర్వర్ ఉన్న సంస్థల కంటే హోస్టింగ్ వారికి ఈ గడువు బరువు ఎక్కువ.

రెండోది కంట్రోల్ ప్యానెల్. ఖాతాలు తెరవడం, మెయిల్ ఐడీలు ఇవ్వడం, బ్యాకప్ తీయడం అంతా సీప్యానెల్, ప్లెస్క్, డైరెక్ట్‌అడ్మిన్ వంటి ప్యానెళ్ల ద్వారానే జరుగుతుంది. ఏ ఓఎస్ మీద తాము పనిచేస్తామో ఈ ప్యానెళ్లే నిర్ణయిస్తాయి. ప్యానెల్ వదిలేసిన ఓఎస్ ఎంత మంచిదైనా హోస్టింగ్ వ్యాపారానికి కొరగాదు. ఒకప్పుడు ఫ్రీబీఎస్‌డీ మీద కూడా నడిచిన సీప్యానెల్ తర్వాత దాన్ని వదిలి లైనక్స్‌కే పరిమితమైంది. చాలాకాలం సెంట్‌ఓఎస్ వంటి రెడ్ హ్యాట్ కుటుంబపు లైనక్స్‌లనే నమ్ముకున్నాక, సెంట్‌ఓఎస్ ఆగిపోతుందన్న 2020 నాటి ప్రకటన తర్వాత ఉబుంటు లైనక్స్ 20.04 మీద కూడా పనిచేయడం మొదలుపెట్టింది.

మూడోది ఖర్చు. విండోస్ సర్వర్‌కు లైసెన్సు రుసుము ఉంటుంది. లైనక్స్‌లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్‌కు ఏటా చందా కట్టాలి. దాన్ని పోలి నిర్మించిన ఉచిత వెర్షన్లకు ఆ బాధ లేదు. ఏడాదికి రెండు మూడు వేల రూపాయలకు సైటు నడిపిపెట్టే చిన్న వ్యాపారికి ఈ తేడాయే లాభనష్టాల గీత. 2019లో సీప్యానెల్ తన ధరను సర్వర్‌కింతని కాక, ఖాతాల సంఖ్యను బట్టి వసూలు చేయడం మొదలుపెట్టినప్పుడు చాలామంది ప్యానెల్‌తో పాటు ఓఎస్ గురించీ మళ్లీ లెక్కలు వేసుకున్నారు.

నాలుగోది పాతబడిన సర్వర్ యంత్రం. రెడ్ హ్యాట్ 9వ తరం, 10వ తరం ఓఎస్‌లు ఒక స్థాయికి మించిన ప్రాసెసర్లనే అంగీకరిస్తాయి. 10వ తరానికి ఇంటెల్‌లో దాదాపు 2013 నాటి హాస్‌వెల్, ఆ తర్వాతి తరాల చిప్‌లు కావాలి. పాత యంత్రాలున్నవారి కోసం, రెడ్ హ్యాట్‌ను పోలిన ఉచిత ఓఎస్ ఆల్మాలైనక్స్ ఈ షరతు సడలించిన వెర్షన్‌నూ ఇస్తోంది.

చరిత్ర

వెబ్ తొలినాళ్లలో పెద్ద సైట్లకు సొలారిస్, ఫ్రీబీఎస్‌డీ వంటి యూనిక్స్ కుటుంబపు ఓఎస్‌లు దిక్కు. ఓఎస్ మార్పిడి ఎంత కష్టమో లోకానికి చూపిన తొలి పెద్ద ఉదాహరణ హాట్‌మెయిల్. సబీర్ భాటియా, జాక్ స్మిత్ 1996 జులై 4న ప్రారంభించిన ఈ ఉచిత మెయిల్ సేవను 1997 చివర్లో మైక్రోసాఫ్ట్ కొన్నది. అప్పటికి అది ఫ్రీబీఎస్‌డీ, సొలారిస్‌ల మీద నడుస్తోంది. విండోస్ అమ్మే కంపెనీ మెయిల్ సేవ పోటీ ఓఎస్ మీద నడవడం ఇబ్బందే అయినా, వెబ్ సర్వర్లను విండోస్ 2000కు తరలించడానికి ఏళ్లు పట్టింది.

2000 తర్వాత చౌక హోస్టింగ్ అంటే లైనక్స్, అపాచీ, మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ కూటమి అయింది. రెడ్ హ్యాట్ తన ఉచిత లైనక్స్‌ను 9వ వెర్షన్‌తో ఆపేసి 2004 ఏప్రిల్ 30న దానికి మద్దతు ముగించింది. చందా కట్టలేని హోస్టింగ్ వారి ముందు ఎటు మారాలన్న ప్రశ్న అప్పుడే మొదటిసారి నిలిచింది. అదే ఏడాది స్వచ్ఛంద బృందం ఒకటి రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ మూలసంకేతం నుంచి నిర్మించిన సెంట్‌ఓఎస్ ఆ ఖాళీని నింపింది. తర్వాత పదిహేనేళ్లకు పైగా షేర్డ్ హోస్టింగ్‌కు అదే దాదాపు పర్యాయపదం.

2014 జనవరిలో సెంట్‌ఓఎస్ ప్రాజెక్టు రెడ్ హ్యాట్ గూటికి చేరింది. 2019 జులైలో రెడ్ హ్యాట్‌ను ఐబీఎం సుమారు 3,400 కోట్ల డాలర్లకు కొన్నది. 2020 డిసెంబరు 8న వచ్చిన ప్రకటన హోస్టింగ్ లోకాన్ని కుదిపేసింది. 2029 వరకు నడుస్తుందనుకున్న సెంట్‌ఓఎస్ 8 మరో ఏడాదికే ముగుస్తుందని, ఇకపై సెంట్‌ఓఎస్ స్ట్రీమ్ మాత్రమే ఉంటుందని దాని సారాంశం. స్ట్రీమ్ రెడ్ హ్యాట్ కొత్త వెర్షన్‌కు ముందు నడిచే రూపం. స్థిరత్వం కోరేవారికి అది సరిపడదు. చిత్రమేమిటంటే, బుద్ధిగా ముందుగానే 8కి మారినవారికే మొదట దెబ్బ తగిలింది. పాత 7 మీదే కూర్చున్నవారికి 2024 దాకా వ్యవధి దొరికింది.

ప్రత్యామ్నాయాలు త్వరగానే వచ్చాయి. హోస్టింగ్ సర్వర్ల కోసమే ప్రత్యేక లైనక్స్ తయారుచేసే క్లౌడ్‌లైనక్స్ సంస్థ ఆల్మాలైనక్స్‌ను మొదలుపెట్టి, 2021 మార్చి 30న తొలి స్థిర వెర్షన్ విడుదల చేసింది. సెంట్‌ఓఎస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన గ్రెగరీ కర్ట్‌జర్ ప్రారంభించిన రాకీ లైనక్స్ 2021 జూన్ 21న వచ్చింది. 2023 జూన్‌లో రెడ్ హ్యాట్ తన మూలసంకేతాన్ని అందించే పద్ధతిని బిగించడంతో ఈ రెండింటి దారులు కొంత వేరయ్యాయి. అచ్చుగుద్దినట్టు నకలు చేయడం మాని, రెడ్ హ్యాట్ కోసం రాసిన ప్రోగ్రాములు ఇబ్బంది లేకుండా నడిస్తే చాలని ఆల్మాలైనక్స్ నిర్ణయించుకుంది. నకలు బాటలోనే సాగిన రాకీ వెనకున్న సీఐక్యూ, ఒరాకిల్, సూసే కలిసి అదే ఆగస్టులో ఓపెన్ఈఎల్ఏ అనే కూటమి కట్టాయి.

విండోస్ వైపు కూడా గడువులు తప్పలేదు. విండోస్ సర్వర్ 2003కు 2015 జులైలో, 2008 ఆర్2కు 2020 జనవరిలో, 2012 ఆర్2కు 2023 అక్టోబరులో మద్దతు ముగిసింది. ఈలోగా మైక్రోసాఫ్ట్ వైఖరే మారింది. అనంతపురం జిల్లా మూలాలున్న కుటుంబంలో, హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయ్యాక, ఆ కంపెనీ లైనక్స్‌ను శత్రువుగా చూడడం మానేసింది. తన ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌ను 2017లో లైనక్స్ మీదికి కూడా తెచ్చింది. విండోస్ హోస్టింగ్‌ను పట్టుకుని ఉండడానికి పెద్ద కారణమైన డేటాబేస్ బంధం దాంతో సడలింది.

మార్పిడి దారులు

మార్పిడికి ప్రధానంగా రెండు దారులు. మొదటిది ఉన్నచోటనే మార్చడం. సెంట్‌ఓఎస్ 8 నుంచి ఆల్మాలైనక్స్ 8కి, రాకీ 8కి వెళ్లడానికి ఆ ప్రాజెక్టులే స్క్రిప్టులు ఇచ్చాయి. రెండూ ఒకే తరానివి కాబట్టి ప్యాకేజీల మూలస్థానాలు మార్చి, ప్యాకేజీలు మళ్లీ వేసుకుని, సర్వర్‌ను రీబూట్ చేస్తే పని అయిపోయేది. 7 నుంచి 8కి తరం దాటడం వేరే సంగతి. దానికి ఆల్మాలైనక్స్ ఎలివేట్ అనే సాధనాన్ని 2021లో తెచ్చింది. సీప్యానెల్ తన సర్వర్ల కోసం వేరే ఎలివేట్ స్క్రిప్టు రాసుకుంది. మధ్యలో ఏ ప్యాకేజీ అడ్డం తిరిగినా రీబూట్ తర్వాత సర్వర్ పైకి రాకపోవచ్చు. అందువల్ల డేటా సెంటర్ నుంచి సర్వర్ కన్సోల్ అందుబాటులో లేకుండా ఈ దారి పట్టరు.

రెండోది కొత్త సర్వర్ తీసుకుని, దాని మీద కొత్త ఓఎస్ వేసి, ఖాతాలను ఒక్కొక్కటిగా అక్కడికి తరలించడం. ఒక నెలపాటు రెండు సర్వర్ల అద్దె కట్టాలి, ఐపీ చిరునామా మారుతుంది. అయినా అనుభవమున్నవారు ఎక్కువగా మొగ్గేది దీనికే. ఏదైనా తేడా వస్తే పాత సర్వర్ అలాగే ఉంటుంది.

మూడో దారి వాయిదా. గడువు దాటిన ఓఎస్‌కు కొన్ని కంపెనీలు డబ్బు తీసుకుని ఇంకొన్నేళ్లు సవరణలు అందిస్తాయి. పాత ప్రోగ్రాము తిరగరాయడం అప్పటికప్పుడు సాధ్యం కాని చోట ఇది ఊపిరి పీల్చుకోవడానికి పనికొస్తుంది.

పని జరిగే తీరు

మొదటి మెట్టు లెక్క తీయడం. ఏ ఖాతా ఏ పీహెచ్‌పీ వెర్షన్ మీద నడుస్తోంది, ఎవరి డొమైన్ ఎక్కడ ఉంది, నిర్ణీత వేళకు దానంతటదే జరిగే ఏ క్రాన్ పని ఎప్పుడు నడుస్తుంది, ఎవరి మెయిల్ పెట్టె ఎంత పెద్దది అన్న పట్టిక లేకుండా మొదలుపెడితే చివర్లో దొరికే ఆశ్చర్యాలకు అంతుండదు.

తర్వాత డీఎన్ఎస్. ఒక డొమైన్ పేరు ఏ ఐపీకి వెళ్లాలో చెప్పే రికార్డును లోకంలోని సర్వర్లు కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి. ఎంతసేపన్నది టీటీఎల్ విలువ చెబుతుంది. సీప్యానెల్‌లో మామూలుగా ఇది 14,400 సెకన్లు, అంటే 4 గంటలు. మార్పిడికి ఒకటి రెండు రోజుల ముందే దీన్ని 300 సెకన్లకు తగ్గిస్తే, ఐపీ మార్చిన కొద్ది నిమిషాల్లోనే సందర్శకులు చాలావరకు కొత్త సర్వర్‌కు చేరతారు.

ఫైళ్లను రెండు విడతల్లో కాపీ చేస్తారు. సైట్లు నడుస్తుండగానే మొదటి విడత పూర్తవుతుంది. అర్ధరాత్రి దాటాక సైట్లను కాసేపు ఆపి, మధ్యలో మారిన ఫైళ్లను మాత్రం రెండో విడతలో తెస్తారు. డేటాబేస్‌లను డిస్క్ ఫైళ్లుగా కాక, డంప్ (సమాచారమంతా రాసిన ఫైలు) తీసి కొత్తచోట ఎక్కించడం క్షేమం. డీఎన్ఎస్ మారిన తర్వాత కూడా కొన్ని మెయిళ్లు పాత సర్వర్‌కే వస్తుంటాయి. వాటిని తెచ్చుకోవడానికి మెయిల్ పెట్టెలను మరోసారి కలపాలి. కొత్త ఐపీ ఏ పేరుదో చెప్పే రివర్స్ డీఎన్ఎస్ సరిగ్గా పెట్టకపోతే ఖాతాదారుల మెయిళ్లు అవతలివారి స్పామ్‌లో పడతాయి.

ఓఎస్ తరం మారినప్పుడు దానితో వచ్చే భాగాలూ మారతాయి. సెంట్‌ఓఎస్ 7తో వచ్చిన పీహెచ్‌పీ 5.4. పాత శైలిలో మైఎస్‌క్యూఎల్‌తో మాట్లాడే ఫంక్షన్లను 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7 పూర్తిగా తీసేసింది. పదేళ్ల కిందట ఎవరో విద్యార్థి రాసిచ్చిన లాడ్జి బుకింగ్ ఫారం కొత్త సర్వర్‌లో తెల్ల పేజీగా తెరుచుకుంటే కారణం చాలాసార్లు ఇదే. అలాగే రెడ్ హ్యాట్ 8వ తరం, దాన్ని పోలిన ఓఎస్‌లు టీఎల్ఎస్ 1.0, 1.1 వంటి పాత భద్రతా పద్ధతులను మామూలుగా ఒప్పుకోవు. విండోస్ 7, పాత అవుట్‌లుక్ ఉన్న ఆఫీసులో తెల్లారేసరికి మెయిల్ రావడం ఆగిపోతుంది. సర్వర్‌లో తప్పేమీ లేకపోయినా ఫోన్ మోగేది హోస్టింగ్ వ్యాపారికే.

విండోస్ నుంచి లైనక్స్‌కు వెళ్లేటప్పుడు మరో చిక్కు ఉంది. విండోస్‌కు ఫైలు పేర్లలో ఇంగ్లిషు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల తేడా పట్టదు. లైనక్స్‌కు అవి వేర్వేరు ఫైళ్లు. మైఎస్‌క్యూఎల్ పట్టికల పేర్లకూ ఇదే వర్తిస్తుంది. అప్పటిదాకా కనబడిన ఫొటోలు మాయమయ్యాయంటే చూడాల్సిన మొదటి చోటు ఇది.

తెలుగు సమాచారానికి ప్రత్యేక జాగ్రత్త

ఇంగ్లిషు సైట్లకు రాని ఒక సమస్య తెలుగు సైట్లకు వస్తుంది. యూనికోడ్‌లోని యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగు సంకేతం ప్రతిదానికీ 3 బైట్లు కావాలి. ‘తిరుపతి’ అన్న మాటలో హల్లులు, గుణింతపు గుర్తులు కలిపి 7 సంకేతాలు. నిల్వలో అది 21 బైట్లు. ‘చిత్తూరు’లో పొల్లుతో కలిపి 8 సంకేతాలు, 24 బైట్లు.

మైఎస్‌క్యూఎల్ 8.0 రాకముందు పట్టికల మామూలు లిపి అమరిక లాటిన్-1. పాత సైట్లు చాలావాటిలో తెలుగు బైట్లు లాటిన్-1 అని పేరు రాసిన పట్టికల్లో కూర్చున్నాయి. దాచేటప్పుడూ తీసేటప్పుడూ అదే పొరపాటు జరుగుతున్నంత కాలం పేజీలో తెలుగు చక్కగానే కనిపించేది. కొత్త సర్వర్‌లో మామూలు అమరిక యూటీఎఫ్8ఎంబీ4. డంప్ తీసే సాధనం ఆ బైట్లను నిజంగానే లాటిన్ అక్షరాలనుకుని మళ్లీ యూటీఎఫ్-8లోకి మారుస్తుంది. ‘తిరుపతి’ 21 బైట్ల నుంచి 42 బైట్లకు ఉబ్బుతుంది. తెరమీద ప్రతి తెలుగు సంకేతం స్థానంలోనూ నెత్తిన గీత ఉన్న లాటిన్ ‘ఎ’, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, ఆపైన ఇంకో పిచ్చి గుర్తు కనిపిస్తాయి. కాలమ్ పొడవు చాలకపోతే మాట చివర తెగిపోతుంది కూడా. దీనికి మందు డంప్‌ను లాటిన్-1గానే, ఏ మార్పిడీ జరగకుండా తీసి, ఫైలులోని లిపి పేరు మార్చి, కొత్త చోట యూటీఎఫ్8ఎంబీ4గా ఎక్కించడం. తెలుగు పేజీ ఒకటి కళ్లతో చదివి చూడకుండా మార్పిడి పూర్తయిందనుకోకూడదు.

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో

ఈ ప్రాంతానికి నెట్ ఆధారిత సేవలతో అనుబంధం పాతదే. హ్యూలెట్ ప్యాకర్డ్ 2002లో కుప్పంలో ఐ-కమ్యూనిటీ పేరిట గ్రామాలకు కంప్యూటర్ సేవలందించే ప్రయోగం చేపట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో మీసేవ మొదలైంది కూడా చిత్తూరు జిల్లాలోనే, 2011 నవంబరు 4న. రెవెన్యూ కార్యాలయం చుట్టూ తిరగకుండా ధ్రువపత్రం చేతికి రావడం మొదలైనప్పటి నుంచి సర్వర్ డౌన్ అన్న మాట పల్లెల్లోనూ అందరి నోటా నలిగింది.

సైట్లు తయారుచేసి నడిపిపెట్టే ఇక్కడి చిన్న వ్యాపారాలు ఎక్కువగా వేరేవారి సర్వర్లను అద్దెకు తీసుకుంటాయి. ఆ సర్వర్లు చెన్నై, బెంగళూరు, ముంబై, హైదరాబాద్ డేటా సెంటర్లలోనో విదేశాల్లోనో ఉంటాయి. తెలుగువారి సంస్థల్లో 2007లో హైదరాబాద్‌లో మొదలైన కంట్రోల్‌ఎస్, మంగళగిరిలోని పై డేటాసెంటర్స్ ఈ రంగంలో పేరున్నవి. సర్వర్ దూరాన ఉన్నా ఖాతాదారు ఎదురుగానే ఉంటాడు. మార్పిడి వేళను ఇక్కడి క్యాలెండరే నిర్ణయిస్తుంది. తిరుమల బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో లాడ్జీల, ట్రావెల్స్ సైట్లను కదపడం సాహసం. వినాయక చవితికి కాణిపాకం వైపు రద్దీ. సెంట్‌ఓఎస్ 7 గడువు ముగిసిన 2024 జూన్ 30 సరిగ్గా చిత్తూరు తోతాపురి మామిడి కాలంలో పడింది. గుజ్జు ఫ్యాక్టరీలకు, ఎగుమతిదారులకు మెయిల్ ఒక పూట ఆగినా సరుకు పత్రాలు ఆగుతాయి. గడువు దాటిన కొద్ది రోజులకే పాత ప్యాకేజీలిచ్చే చిరునామా మూతపడి, ఆలస్యం చేసినవారి సర్వర్లలో కొత్త ప్యాకేజీ వేయబోతే సర్వర్ దొరకలేదన్న సందేశం వచ్చింది.

ఓఎస్‌కు సవరణలు వేయకపోతే ఏమవుతుందో ఉమ్మడి చిత్తూరు జిల్లా 2017లోనే చూసింది. ఆ ఏడాది మే 12న ప్రపంచమంతా పాకిన వానాక్రై రాన్సమ్‌వేర్ చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లను తాకింది. తిరుమల తిరుపతి దేవస్థానంలోనూ కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే సవరణ ఇచ్చింది. మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి మాత్రం దాడి జరిగాకే, అదీ ప్రత్యేకంగా ఇచ్చింది.

పెద్ద ఎత్తున వెబ్ సేవలను తరలించిన అనుభవం దేవస్థానానిదే. సేవా టికెట్ల సైటు 2020 మేలో వాణిజ్య డొమైన్ నుంచి తిరుపతిబాలాజీ పేరుతో రాష్ట్ర ప్రభుత్వ డొమైన్‌కు, 2024లో టీటీదేవస్థానమ్స్ పేరుకు మారింది. 2021 సెప్టెంబరులో సర్వదర్శనం టోకెన్లను ఆన్‌లైన్‌లో విడుదల చేసినప్పుడు రద్దీని తట్టుకోవడానికి జియో క్లౌడ్‌ను ఆశ్రయించారు. ఇవి ఓఎస్ మార్పిళ్లు కావు. అయినా పాత చిరునామా అలవాటైన లక్షల మందిని కొత్తచోటికి మళ్లించే పని రెండింటిలోనూ ఒకటే. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడ్డాక దానికి వేరే సైటు వచ్చింది. తిరుపతి, చిత్తూరు జిల్లాల సైట్లు రెండూ జాతీయ సమాచార కేంద్రం ఉమ్మడి వేదిక మీద నడుస్తాయి. ఇలాంటి వేదికలో ఓఎస్ బాధ్యత ఒక్కచోటే ఉంటుంది, జిల్లా కార్యాలయం సమాచారం చూసుకుంటే చాలు.

నిబంధనలు

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాలు హోస్టింగ్ వ్యాపారాలకూ వర్తిస్తాయి. సైబర్ ఘటనను గమనించిన 6 గంటల్లో తెలపాలి. సర్వర్ లాగ్‌లను 180 రోజులు ఉంచాలి. వర్చువల్ సర్వర్లు అద్దెకిచ్చేవారు ఖాతాదారుల వివరాలను, వారు వెళ్లిపోయాక కూడా 5 ఏళ్లు భద్రపరచాలి. సర్వర్ గడియారాలను దేశీయ ప్రామాణిక సమయంతో కలపాలి. మార్పిడిలో పాత డిస్క్‌ను ఫార్మాట్ చేసేవారు లాగ్‌లను పక్కకు తీసి పెట్టకపోతే 180 రోజుల నిబంధన తప్పినట్టే. కొత్త ఓఎస్‌లో గడియారపు అమరిక మామూలుగా వేరే సర్వర్లను చూస్తుంది కాబట్టి దాన్నీ సరిచేయాలి.

రాబోయే గడువులు

ఆల్మాలైనక్స్, రాకీ 8వ తరానికి భద్రతా సవరణలు 2029 దాకా, 9వ తరానికి 2032 దాకా అందుతాయి. ఉబుంటు 22.04 మామూలు మద్దతు, విండోస్ సర్వర్ 2016 పొడిగింపు మద్దతు 2027లో ముగుస్తాయి. అంటే ఏ ఓఎస్ ఎంచుకున్నా ప్రతి హోస్టింగ్ వ్యాపారీ కొన్నేళ్లకోసారి ఈ పని చేయక తప్పదు. అందుకే కొందరు మార్పిడి జరిగే వేళలను, పాత ప్రోగ్రాము కొత్త సర్వర్‌లో నడవకపోతే దాన్ని తిరగరాయించే ఖర్చు ఎవరిదో అన్నదాన్ని ఖాతాదారుతో కుదుర్చుకునే ఒప్పందంలోనే రాస్తున్నారు. ఓఎస్ వేయడానికి ఒక పూట చాలు. తగాదాలన్నీ దాని మీద ఖాతాదారులు పెట్టుకున్నవాటి గురించే వస్తాయి.